గేమ్‌లోని భయాన్ని కాగితం మీదికి దించడం: హైదరాబాద్ బోరు లారీతో ఒక సైన్స్ ఫిక్షన్ హారర్ బొమ్మల కథ

మా బాబాయి కొడుకు డెడ్ స్పేస్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఒక తలుపు ముందు పాత్రను నిలబెట్టి వాడు ముందుకు కదలనే లేదు. "పోరా" అంటే "ఉండన్నా" అన్నాడు. తలుపు అవతల ఏముందో తెలియక కాదు, అక్కడ వాడు ఇప్పటికే రెండుసార్లు చచ్చాడు. అయినా బటన్ నొక్కాల్సింది తన బొటనవేలే కాబట్టి ఆగాడు. హారర్ గేమ్‌లో భయం ఆ వేలిలో ఉంటుంది.

బొమ్మల కథ చదివేవాడి చేతిలో బటన్ ఉండదు. పేజీ తిప్పడం ఒక్కటే అతను చేయగలిగిన పని. గేమ్ మీద కామిక్ గీయాలనుకునేవాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. గేమ్‌లో చూసిన రాక్షసిని అచ్చంగా గీస్తే భయం కూడా దానితో వచ్చేస్తుందనుకుంటారు. వచ్చేది బొమ్మ మాత్రమే. గేమ్‌లోని ఆ భయాన్ని పేజీ తిప్పడంలోకి తెచ్చి తెలుగులో ఒక కథ చేయాలంటే ఏం చేయాలో, నేను తప్పులు చేసి నేర్చుకున్న వరసలోనే చెబుతాను. ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం లెక్కలో పెట్టుకోండి. మొదటి ప్రయత్నానికే 200 పేజీలు అనుకుంటే 20వ పేజీ దగ్గర వదిలేస్తారు.

మొదటి మెట్టు: చదవండి, కానీ గేమ్‌కూ కామిక్‌కూ మధ్య ఖాళీ ఎక్కడుందో చూస్తూ

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు తిరగేస్తే ఇంగ్లిష్ కామిక్స్ కొన్ని దొరుకుతాయి. ఏవి దొరుకుతాయన్నది అదృష్టం. కావాల్సినవి పేరు పెట్టి వెతకాలంటే ఆన్‌లైనే దిక్కు.

ముందుగా డెడ్ స్పేస్ కామిక్ చదవండి. 2008 మార్చిలో మొదలై 6 సంచికలు వచ్చింది. ఆంటనీ జాన్‌స్టన్ రాశాడు, బెన్ టెంపుల్‌స్మిత్ బొమ్మలు వేశాడు. గేమ్ వచ్చింది అదే ఏడాది అక్టోబరులో, అంటే కామిక్ ముందు, గేమ్ తర్వాత. గేమ్‌లో ఐజాక్ క్లార్క్ అనే ఇంజనీరు ఇషిమురా అనే గని ఓడలోకి వెళ్లేసరికే అంతా అయిపోయి ఉంటుంది. అతనికి మిగిలేవి గోడల మీది రాతలూ రికార్డు చేసిన గొంతులే. కామిక్ ఆ 'అయిపోయిన' కథనే చెబుతుంది. ఏజిస్ 7 అనే గ్రహం మీద గని కాలనీలో ఒక వింత శిల దొరకడం, మనుషులకు నిద్ర పట్టకపోవడం, తర్వాత పిచ్చి, తర్వాత చావులు. ఇదంతా అక్కడి కాలనీ పోలీసు సార్జెంటు కళ్లతో చూస్తాం. ఆటగాడు ఎప్పుడూ చూడలేని రోజులను ఎంచుకున్నారు. అందుకే అది గేమ్‌కు నకలులా అనిపించదు.

2010లో వచ్చిన డెడ్ స్పేస్ సాల్వేజ్ పక్కన పెట్టుకుని పోల్చండి. రాసింది జాన్‌స్టనే, బొమ్మలు క్రిస్టఫర్ షైవి. ఒక్కో పేజీ ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేలా ఉంటుంది. కానీ ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి నేను చాలాసార్లు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. చనిపోయింది ఎవరో తెలియకపోతే భయం ఎక్కడినుంచి వస్తుంది? అందమైన మసక కంటే గుర్తుండే ముక్కు మేలని నాకు అక్కడే అర్థమైంది.

హేలో అనే గేమ్ ఆధారంగా హేలో గ్రాఫిక్ నావెల్ 2006లో మార్వెల్ వేసింది. అందులో సైమన్ బిస్లీ బొమ్మలు వేసిన ఇన్ఫినిట్ సకర్ కథ ఒక్కటి చాలు. గేమ్‌లో మనం కాల్చే శత్రుజాతి సైనికుడే ఇందులో నాయకుడు. ఫ్లడ్ అనే పరాన్నజీవి పట్టిన ఓడలోకి అతను వెళతాడు. హేలో 2 ఆడినవాళ్లకు అతని దవడ ఒక పక్క ఎందుకు లేదో ఇక్కడ తెలుస్తుంది. గేమ్‌లో ఒక చిన్న గాయం, కామిక్‌లో దాని వెనక మొత్తం కథ.

2013లో డార్క్ హార్స్ వేసిన ది లాస్ట్ ఆఫ్ అస్ అమెరికన్ డ్రీమ్స్ 4 సంచికలది. గేమ్ రచయిత నీల్ డ్రక్‌మన్, ఫెయిత్ ఎరిన్ హిక్స్ కలిసి చేశారు. గేమ్‌లో మనం ఎక్కువసేపు జోయెల్‌గా ఆడతాం. ఇక్కడ జోయెల్ లేడు, గేమ్‌లో అతని వెంట నడిచే అమ్మాయి ఎల్లీ ఉంది, అదీ అతన్ని కలవకముందు.

చివరికి 1996 డూమ్ కామిక్. 16 పేజీలే. ఒక సైనికుడు ఇంకా పెద్ద తుపాకీ కోసం అరుచుకుంటూ పరిగెత్తుతాడు. ఆటలో చెమటలు పట్టించిన కాల్పులే కాగితం మీదికి వచ్చేసరికి కామెడీ అయిపోయాయి. జనం దాన్ని ఇప్పటికీ ప్రేమగా గుర్తుపెట్టుకున్నారు, అందులోని ఒక అరుపు 2016 డూమ్ గేమ్‌లోకి తిరిగొచ్చింది కూడా. కానీ భయపెట్టాలనుకునేవాడికి అది చేయకూడని పనుల పట్టిక.

రెండో మెట్టు: పేరు వద్దు, పద్ధతి చాలు

గేమ్‌లోని పాత్రలు, పేర్లు, ఓడ డిజైను కంపెనీవి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కూడా ఒక రచనను ఇంకో రూపంలోకి మార్చే హక్కు యజమానిదే. సరదాకు గీసి స్నేహితులకు చూపించడం వేరు, అచ్చేసి అమ్మడం వేరు. డెడ్ స్పేస్ ప్రచురించిన ఈఏకు మన ఊళ్లోనే ఆఫీసు ఉంది, అయినా గేటు దగ్గరికెళ్లి అనుమతి అడిగితే పని అవుతుందని ఆశ పెట్టుకోకండి. సొంత లోకం కట్టుకోవడమే తేలిక.

మూడో మెట్టు: మన ఊరి గని ఏది?

ఇషిమురా గ్రహాలను పగలగొట్టి ఖనిజం తీసే ఓడ. తవ్వకూడని చోట తవ్వారు, ఏదో బయటికొచ్చింది. ఇదే విషయం హైదరాబాద్‌లో ఎక్కడ జరుగుతుందని ఆలోచిస్తూ ఏప్రిల్‌లో ఒక రాత్రి నిద్ర పట్టక పడుకున్నాను. నిద్ర పట్టనివ్వనిది పక్క అపార్ట్‌మెంట్‌లో బోరు లారీ. అర్ధరాత్రి దాటినా గర్రుమంటూనే ఉంది. లేచి కూర్చున్నాను. వెతుకుతున్నది కిటికీ కిందే ఉంది.

హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దాంట్లోకి మనం వెయ్యి, పదిహేను వందల అడుగులు రంధ్రం వేస్తాం, నీళ్ల కోసం. రాడ్డు మీద రాడ్డు బిగిస్తారు. కంప్రెసర్ గాలికి తెల్లటి ధూళి పైకి లేస్తుంది, అదృష్టముంటే తడి బురద, ఇంకా అదృష్టముంటే నీళ్లు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అర్ధరాత్రి లుంగీలో నిలబడి "ఇంకో రాడ్డు" అంటూ ఉంటాడు. అడుగుకింత అని డబ్బు లెక్క కాబట్టి లారీవాడికి ఆపాలని ఉండదు, ఇంతదాకా పెట్టిన డబ్బు పోతుందని సెక్రటరీకి ఆపాలని ఉండదు. దయ్యం లేకుండానే ఇది హారర్.

ఇంకోటి కూడా ఉంది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002లో వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. మన కథలో తీసుకోలేదు. రాత్రిపూట వేయడం అందుకే. అందువల్ల ఏదైనా జరిగితే ఎవరికీ ఫోన్ చేయలేరు. అంతరిక్ష ఓడ కథల్లో సిగ్నల్ పోయిందని చెప్పి ఒంటరితనం తెస్తారు. మనకు సిగ్నల్ నిండుగా ఉంటుంది, చేయడానికే ధైర్యం ఉండదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ భయం.

నాయకుడిగా పోలీసునో సైంటిస్టునో పెట్టకండి. ఐజాక్ సైనికుడు కాదు, రిపేర్లు చేసేవాడు. చేతిలో ఉన్నది కూడా గనిలో కోతకు వాడే పనిముట్టే. మన కథలో బోరు లారీ హెల్పర్ కుర్రాడిని తీసుకోండి. అతని చేతిలో రాడ్లు బిగించే పెద్ద పానా ఉంటుంది. పనిముట్టు ఏమిటో, దానితో రోజూ ఏం చేస్తాడో మొదటి నాలుగు పేజీల్లో చూపించాలి. పదిహేనో పేజీలో అదే పానా ఎత్తినప్పుడు వివరణ అక్కర్లేకుండా ఉంటుంది.

బోరు నచ్చకపోతే మన ఊళ్లోనే ఇంకో గట్టి విత్తనం ఉంది, ఈసారి పైనుంచి. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థకున్న బెలూన్ కేంద్రం నుంచి ఒక పెద్ద బెలూన్ ఎగరేశారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చారు. వాటిలో భూమి మీద అంతకుముందు ఎవరూ నమోదు చేయని 3 రకాల బ్యాక్టీరియా దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి జానిబ్యాక్టర్ హోయిలీ అని పేరు పెట్టారు. నిజం ఇంతవరకే. ఆ పెట్టె పారాచూట్‌తో పత్తిచేనులో పడ్డాక దాన్ని తెచ్చే డ్రైవరు కంటే ముందే ఎవరో మూత తీసి ఉంటే ఏమవుతుందన్నది మీ కల్పన. సంస్థ పేరు మాత్రం మార్చేయండి, పాపం వాళ్లు బాగానే పనిచేస్తున్నారు.

నాలుగో మెట్టు: వచ్చినదాన్ని ఎంత చూపించాలి

తక్కువ. ముప్పై రెండు పేజీల్లో మొత్తం ఆకారం ఒక్కసారి చాలు. అది కూడా మనుషుల నుంచే పుట్టాలి. డెడ్ స్పేస్‌లో రాక్షసులు చచ్చినవాళ్ల శరీరాలే, అందుకే వాటి చేతులు చూస్తే కడుపులో తిప్పుతుంది. చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడి బొమ్మ గుర్తు చేసుకోండి. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానం. శవం ఏమీ చేయడం లేదు, మాట్లాడుతుందని మనకు తెలుసు, అంతే. నేను మొదటిసారి ఆరు కాళ్లూ నాలుగు నోళ్లూ పెట్టి గీశాను. మా చెల్లి చూసి "రొయ్యలా ఉందన్నా" అంది. ఆ పేజీ చింపేశాను.

ఐదో మెట్టు: పేజీ తిప్పడమే బటన్

అసలు పని ఇక్కడ ఉంది. ఏ బొమ్మా గీయకముందే డమ్మీ కట్టండి. ఏ4 కాగితాలు ఎనిమిది తీసుకుని మధ్యకు మడిస్తే 32 పేజీలు వస్తాయి. నంబర్లు వేయండి. 1వ పేజీ కుడివైపు వస్తుంది. దాన్ని తిప్పితే 2, 3 ఎదురెదురుగా. అంటే బేసి పేజీలన్నీ కుడివైపు, సరి పేజీలన్నీ ఎడమవైపు. పాఠకుడి కన్ను పుస్తకం తెరవగానే రెండు పేజీలనూ ఒక్క చూపులో తడుముతుంది. అందుకే భయపెట్టే బొమ్మను కుడి పేజీలో పెడితే దాన్ని ముందే చూసేస్తాడు, ఎడమ పేజీలోని టెన్షన్ అంతా వృథా. బేసి పేజీ చివరి గడిలో అనుమానం, తిప్పగానే సరి పేజీలో జవాబు. ఇది ఒక్కటి పాటించినా మీ కథ సగం బాగుపడుతుంది.

అయితే ప్రతిసారీ తిప్పగానే బెదరగొడితే మూడోసారికి పాఠకుడు సిద్ధమైపోతాడు. గేమ్ తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. మూడు తలుపుల వెనక ఏమీ ఉండదు. మన 32 పేజీల్లో తిప్పే సందర్భాలు 16 వస్తాయి. నేను నాలుగింటిలోనే ఏదైనా పెడతాను. మిగిలినవి ఖాళీ తలుపులు.

బోరు కథకు గడుల అమరిక దానంతట అదే వస్తుంది. ఒక్కో రాడ్డు సుమారు 20 అడుగులు. ఒక్కో పేజీకి ఆరు సమాన గడులు తీసుకుని, ప్రతి పేజీలోనూ అదే పని చూపించండి: రాడ్డు ఎత్తడం, బిగించడం, లివరు లాగడం, దిగడం, ధూళి, మనుషుల ముఖాలు. రెండు పేజీలు ఇలా గడిచేసరికి పాఠకుడికి తాళం పట్టుబడుతుంది. మూడో పేజీలో ఐదో గడిలో ధూళి రాదు. అంతే, ఏ రాక్షసీ లేదు. తెల్లగా రావాల్సినది రాలేదు. తర్వాత ఆరు గడులు నాలుగవుతాయి, నాలుగు రెండవుతాయి. గడుల మధ్య ఉన్న తెల్లటి సందు కూడా మీదే. ఆ గల్లీలో ఏం జరిగిందో పాఠకుడే ఊహించుకుంటాడు. హెల్పర్ గొయ్యిలోకి తొంగి చూస్తున్న గడి, పక్కన ఖాళీ గొయ్యి గడి. మధ్యలో ఏం జరిగిందో మీరు గీయకండి.

ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివేలా చేస్తుంటే పేజీ ఉండదు కాబట్టి ఈ లెక్క మారుతుంది. అక్కడ గడుల మధ్య పొడవాటి ఖాళీయే మీ తలుపు. స్క్రీన్ నిండా నల్లగా రెండు వేళ్ల జరుపు వదిలి తర్వాత బొమ్మ పెట్టండి. నిజానికి బోరు కథకు నిలువు స్క్రీనే ఇంకా బాగుంటుంది, దిగుతూనే ఉండొచ్చు.

డమ్మీ పూర్తయ్యాక పుల్లల్లాంటి మనుషులతో గీసేసి, కథ తెలియనివాళ్ల చేతికివ్వండి. ముఖం చూడకండి, మర్యాదకు నవ్వుతారు. కుడి పేజీ మూల పట్టుకున్న బొటనవేలు చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఎక్కడా ఆగకపోతే గీయడం మొదలుపెట్టొద్దు, మళ్లీ డమ్మీ కట్టాలి.

ఆరో మెట్టు: మీటరు ఎక్కడ పెట్టాలి

గేముల్లో ప్రాణం ఎంత మిగిలిందో తెర మూలన కనిపిస్తుంది. డెడ్ స్పేస్‌లో ఆ మూల ఖాళీ. ఐజాక్ వీపు మీద వెన్నెముక వెంబడి వెలిగే గీతే అతని ప్రాణం. సమాచారం కథలోపలి వస్తువులోనే ఉంది. మనకూ అలాంటిది కావాలి. నేను లోతు వాడాను. డ్రైవరు ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా లారీ తలుపు మీద సుద్దతో గీత గీస్తాడు. ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట ఆ తలుపు కనబడుతుంది. గీతలు పెరుగుతుంటాయి. రాడ్లన్నీ అయిపోయాక కూడా ఒక గీత పెరిగి ఉంటుంది. దాన్ని ఎవరు గీశారో చెప్పలేదు. చదివినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది దీని గురించే.

ఏడో మెట్టు: చీకటిని అచ్చుకు ఇచ్చేముందు

స్క్రీన్ మీద ముదురు నీలం, నలుపు, బూడిద రంగు విడివిడిగా కనిపిస్తాయి. కాగితం మీద మూడూ కలిసి తారు రోడ్డు అవుతుంది. నా మొదటి పుస్తకానికి ఒక ప్రెస్సులో మ్యాప్‌లిథో అనే పూత లేని కాగితం వాడించాను, చవకని. ఆ కాగితం సిరా పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి. పన్నెండో పేజీలో ముగ్గురు మనుషులుండాలి, ఒక్కడి పళ్లు మాత్రం కనిపించాయి. తప్పు ప్రెస్సుదని కొన్నాళ్లు తిట్టుకున్నాను, ప్రూఫ్ చూపించకుండానే అచ్చేశారు కూడా. కానీ ప్రూఫ్ అడగనిది నేను.

అందుకని మ్యాప్‌లిథో అయితే బొమ్మను మీకు నచ్చినదానికంటే బాగా తేలికచేసి ఇవ్వండి, లేదా పూర్తిగా నలుపు-తెలుపు గీతల్లో వేయండి. రంగుల చీకటి కావాలంటే ఆర్ట్ పేపర్ తీసుకోండి. ఫైలు సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి), 300 డీపీఐకి (అంగుళానికి చుక్కలు) తగ్గకుండా, అంచు కటింగ్‌కు బొమ్మ చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. మాటలు మాత్రం ఒక్క నలుపు సిరాలోనే ఉంచండి. నాలుగు రంగులూ కలిపిన నలుపులో చిన్న అక్షరం వేస్తే కాగితం కాస్త జరిగినా వత్తులు రెండుగా కనిపిస్తాయి.

ఎనిమిదో మెట్టు: తెలుగు అక్షరం, తెలుగు చప్పుడు

ఇంగ్లిష్ కామిక్‌లో మాటల బుడగలు చూసి అదే కొలతలో తెలుగు పెడితే పట్టదు. మనకు పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, బుడగ పెద్దదవుతుంది, బొమ్మకు చోటు తగ్గుతుంది. కాబట్టి పెన్సిల్ గీతల దశలోనే మాటలు రాసి చూసుకోండి. ఒక బుడగలో పది పదాలు దాటితే కత్తిరించండి.

పాత వెర్షన్ ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఫాంట్‌లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మాటలకు మండలి, చేతిరాతలా కావాలంటే లక్కిరెడ్డి, అరుపులకు రామభద్ర వాడతాను. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో అరుస్తారు, మనకా సౌకర్యం లేదు. మనకున్నది దీర్ఘం. "అన్నా" వేరు, "అన్నాాాా" వేరు. చివరి దీర్ఘాన్ని గొయ్యిలోకి వంచి రాయండి.

చప్పుళ్ల దగ్గర మాత్రం మనం కుబేరులం. అయినా మన కుర్రాళ్లు 'బూమ్', 'క్రాష్' అనే రాస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. గర్రుమనే కంప్రెసర్, కిర్రుమనే ఇనుము, బుసబుసమనే గాలి, చిటచిటమనే రాయి, గొడగొడమనే బురద ఉండగా ఆ అరువు ఎందుకు? ఒక్క మాట రెట్టించడంలోనే పని జరుగుతుంది. 'టక్' అంటే ఏదో తగిలింది. 'టకటక' అంటే ఎవరో తడుతున్నారు. 900 అడుగుల కింద నుంచి 'టకటక' వచ్చిందంటే ఇక రాక్షసిని గీయాల్సిన పనేముంది? గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దగ్గర వినిపిస్తుంది కదా, కథలో హెల్పర్ చిన్నప్పుడు స్కూలు టూర్‌లో అది విన్నవాడే. అందుకే గొయ్యిలోకి వంగి రెండుసార్లు చప్పట్లు కొడతాడు. కాసేపటికి కిందినుంచి మూడు వినిపిస్తాయి.

మాటలు మన దగ్గర మాట్లాడే తీరులోనే ఉండాలి.

"నీళ్లు పడ్డయా తమ్మీ?"
"లేదు సార్, ఉత్త దుమ్మే."
"ఇంకో రాడ్డు దించుమను."
"రాడ్లు అయిపోయినయ్ సార్."
"మరి దిగుతున్నదేంది?"

ఈ ఐదు బుడగలకూ నేను మనుషుల ముఖాలు వేయలేదు. తిరుగుతున్న ఇనుము ఒక్కటే, ఐదు గడుల్లోనూ.

తొమ్మిదో మెట్టు: అచ్చు, అమ్మకం

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు 4తో భాగించేలా ఉండాలి. యాభై, వంద కాపీలకు డిజిటల్ ప్రింట్ సరిపోతుంది, వందలు దాటితేనే ఆఫ్‌సెట్ రేటు అడగండి. కనీసం మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి, ఒక్క కాపీ ప్రూఫ్ చేతికి వచ్చేదాకా మిగతావి అచ్చు వేయొద్దని రాతపూర్వకంగా చెప్పండి.

అమ్మడానికి హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్‌లో చిత్రకారులకు టేబుళ్లు ఇస్తారు, ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. అక్కడికొచ్చే జనానికి గేములు తెలుసు, తెలుగు కామిక్ అంటే ఆశ్చర్యపోతారు. డిసెంబరు ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో పెట్టే బుక్ ఫెయిర్‌లో లెక్క తిరగబడుతుంది. తెలుగు చదివేవాళ్లు ఉంటారు, ఇది పిల్లల పుస్తకమా అని అడుగుతారు. కాదని అట్ట మీదే పెద్దగా రాయండి. నేను రాయలేదు. ఒకాయన తన ఆరేళ్ల మనవరాలి కోసం రెండు కొనబోయాడు, ఆపడానికి చాలా కష్టమైంది.

టేబుల్ మీద శాంపుల్ కాపీని మూసి పెట్టొద్దు. 7వ పేజీ కుడివైపు కనబడేలా తెరిచి, ఎడమ పక్క ఏదైనా బరువు పెట్టి, కుడి మూల కొద్దిగా పైకి లేచి ఉండేలా వదిలేయండి. తిప్పే పని వాళ్లది.